బొమ్మ జానెడు, నోటు బారెడు

హైదరాబాదులో కుర్ర చిత్రకారుల ఎగ్జిబిషన్‌కి వెళ్తే చెప్పులు బయట విడవక్కర్లేదు. తెలుగు మాత్రం బయటే విడిచి వెళ్లాలి.

మేడ మీద రెండు గదులు, సున్నం కొట్టినంత తెల్లటి గోడలు, ఒక్కో బొమ్మ నెత్తిన ఒక్కో దీపం. గీసినవాడు తెలుగువాడు. చూడవచ్చిన పదిహేను మందిలో పన్నెండుగురు వాడి క్లాస్‌మేట్లు, వాళ్లూ తెలుగువాళ్లే. సమోసాలు, టీ అందిస్తున్నవాడూ తెలుగువాడే. బొమ్మ పక్కన అతికించిన కాగితం ఒక్కటే ఇంగ్లీషు. అది ఇంగ్లీషేనా అన్నది కూడా అనుమానమే, లండన్ నుంచి మనిషిని పిలిపించి చదివించినా చేతులెత్తేస్తాడు. దాన్ని కాన్సెప్ట్ నోట్ అంటారు.

పెళ్లిలో మంత్రం అర్థం కాదు, అయినా అందరం అక్షింతలు వేస్తాం. అర్థమైతే దక్షిణ తగ్గుతుందని పురోహితుడి భయం. ప్రదర్శనలు నడిపే క్యూరేటర్ల భయమూ అదే అయ్యుంటుంది. కాకపోతే పురోహితుడు కనీసం తాళి కట్టే సమయానికి 'ఊఁ, కానివ్వండి' అని తెలుగులో చెబుతాడు.

ఈమధ్య అలాంటి ఒక గ్రూప్ షోకి వెళ్లాను. నాలుగడుగుల కాన్వాసు మీద పాత గోనెసంచి ఒకటి విప్పి కుట్టి ఉంది. సగం చెరిగిన నీలం అక్షరాలు, అంచున వేలాడుతున్న జనపనార పోగులు, నడుమ అరచేయంత మేర నల్లగా, నున్నగా మెరుస్తున్న మచ్చ. పేరు 'అన్‌టైటిల్డ్ - 7'. పక్కనున్న నోటును నా చేతనైనంతలో తెలుగు చేస్తే ఇలా తేలింది: 'వ్యవసాయానంతర దేహపు గడప మీది భౌతికతను ప్రశ్నిస్తూ, లేమి యొక్క ఉనికిని ఈ కృతి పునఃచర్చిస్తుంది.' రెండుసార్లు చదివాను. గడప దొరికింది గానీ ఇల్లు దొరకలేదు.

పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ని అడిగాను, ఏంటి బాబూ ఇది అని.

"మా నాయినది సార్. మార్కెట్ యార్డుల హమాలీ చేసేటోడు. బస్తా మోసేటప్పుడు ఈపు మీద ఏస్కునే సంచి ఇది. గీడ చూడున్రి, బరువంత ఆనేది గిక్కన్నే. చెమటకు గట్ల నున్నగయింది."

నాకు ఒళ్లు జలదరించింది. ఇంతసేపూ నేను చూస్తున్నది ఒక మనిషి వీపు అన్నమాట.

"ఈ మాటే రాయకపోయావా?"

"రాసిన సార్. మరీ సింపుల్‌గ ఉందన్నరు."

"మరి ఈ నోటు నువ్వు చదివావా?"

వాడు కాసేపు దానివంక చూసి "ఫాంట్ మంచిగుంది సార్" అన్నాడు.

ఇదంతా ఆధునిక కళండీ, మీకు తెలీదు అనేవాళ్లుంటారు. తెలుసుకుందాం. 1917లో న్యూయార్క్‌లో మార్సెల్ ద్యుషాఁ మూత్రశాల తొట్టిని ప్రదర్శనకి పంపినప్పుడు దాని మీద రాసింది ఒక దొంగ సంతకం, ఒక సంవత్సరం. అంతే. బారెడు నోటు లేకుండానే ఆ తొట్టి వందేళ్లుగా జనాన్ని తిట్టుకునేలా చేస్తోంది. 2019లో మయామీలో మౌరిజియో కాటెలాన్ అరటిపండును టేపుతో గోడకి అంటించాడు. 2024లో అలాంటిదే ఒకటి వేలంలో 62 లక్షల డాలర్లకి పోయింది. కొన్నాయన పండు తినేశాడు. అయినా నష్టం లేదు, ఎందుకంటే ఆయన కొన్నది పండును కాదు, దానితో వచ్చే ధ్రువపత్రాన్ని. మనవాళ్లు ఆ కథలోంచి నేర్చుకున్న నీతి ఇదే కాబోలు: పండు పోయినా పర్లేదు, కాగితం ఉండాలి.

బొమ్మ పక్కన మాట ఉండకూడదని నేననను. మన దగ్గర ఎప్పుడూ ఉంది. చేర్యాల నకాషీలు గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద బారులు బారులుగా బొమ్మలు వేసేవారు. కథకుడు ఆ పటాన్ని ఊరి నడుమ వేలాడదీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవాడు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం, మాదిగలకి జాంబ పురాణం. ఎవరి కథ వాళ్లకి, వాళ్ల భాషలో. అర్థం కాకుండా చెప్పినవాడికి తెల్లారి గింజలు రాలేవి కావు. అదీ అసలైన కాన్సెప్ట్ నోట్.

కరీంనగర్ ప్రాంతపు పల్లెలో పుట్టిన తోట వైకుంఠం గీసిన పెద్ద బొట్టు ఆడవాళ్లని గుర్తుపట్టడానికి ఎవరికైనా నిఘంటువు కావాల్సి వచ్చిందా? రాజమహేంద్రవరం చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. నేటి లెక్కన ఆయన 'ఎమర్జింగ్' దశ దాటనేలేదు. ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఆయన బొమ్మలు ఇవాళ్టికీ నోటి మంత్రం లేకుండానే నిలబడి ఉన్నాయి.

ఇంతకీ ఈ ఎగ్జిబిషన్ల తంతుకి ఖర్చెవరిదంటారా? చాలా చోట్ల కుర్రాడిదే. ఫ్రేములు, రవాణా, ఒక్కోచోట హాలు అద్దె కూడా. అమ్ముడైతే గ్యాలరీ కమీషన్. వచ్చినవాళ్లు బొమ్మ ముందు పది సెకన్లు, నోటు ముందు రెండు నిమిషాలు నిలబడి, అర్థం కాలేదని ఒప్పుకోలేక విజిటర్స్ బుక్‌లో 'నైస్ వర్క్' అని రాసి లిఫ్ట్ ఎక్కుతారు. అర్థం కానిదాన్ని మెచ్చుకోవచ్చు గానీ, డబ్బు పెట్టి ఇంటికి తీసుకుపోరు కదా.

నా కోపం కొత్త బొమ్మల మీద కాదు. ఆ గోనెసంచి గొప్ప బొమ్మ. దాన్ని ఊపిరాడకుండా చేసింది పక్కనున్న కాగితమే.

అందుకే కుర్ర చిత్రకారులకి ఒక్క మనవి. నోటు గోడకి అంటించే ముందు ఇంటికి తీసుకెళ్లి మీ అమ్మకో, నాన్నకో చదివి వినిపించండి. 'అవును, గదే' అంటే అంటించండి. బిక్కమొహం వేస్తే చించేయండి. ఖాళీ అయిన ఆ గోడ మీద ఇంకో బొమ్మకి చోటు దొరుకుతుంది.