నాలుగు టన్నుల గుంజుడు

ఏటూరునాగారం చుట్టుపక్కల బండి దిగబడటం వార్త కాదు, ఎవరొచ్చి గుంజారన్నది వార్త. ఒక పక్క గోదావరి ఇసుక, ఇంకో పక్క జంపన్నవాగు, నడుమ మిర్చి తోటలకు పోయే రేగడి బాటలు. 163 నంబరు జాతీయ రహదారి దిగి నాలుగు గజాలు పక్కకు పోతే చాలు, వానాకాలంలో ఫోర్‌వీల్ డ్రైవ్ పని ఎంత లోపలికి పోయి దిగబడాలో తేల్చడమే. మామూలు కారు బాట మొదట్లోనే చతికిలబడుతుంది కనుక నలుగురు నెడితే బయటికొస్తుంది. నా థార్ అలా కాదు. కింద 226 మిల్లీమీటర్ల ఎత్తు, 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోగలదని కంపెనీ ఇచ్చిన భరోసా, గేరు కడ్డీ పక్కన ఇంకో కడ్డీ. ఇన్ని ధైర్యాలు ఒక్కచోట చేరాక అది సరాసరి మడి నడిమధ్యకు పోయి, ట్రాక్టరు కూడా ఆలోచించే చోట కూర్చుంటుంది.

అందుకే బండి ముందర వించ్ పెట్టిద్దామని తీర్మానించి ఇంట్లో చెప్పాను.

"గిప్పుడు దిగవడితె ట్రాక్టరు కాకకు ఫోన్ జేస్తున్నవ్. గది వెట్టినంక ఎవలకు జేస్తవ్?" అంది మా ఆవిడ.

"ఎవరికీ చెయ్యక్కర్లేదు. తాడు తీసి చెట్టుకు కట్టి మీట నొక్కితే బండి దానంతటదే వస్తుంది."

"చెట్టు లేకుంటె?"

నేను చూసిన కేటలాగుల్లో ఒక్కదాంట్లోనూ ఈ ప్రశ్న లేదు. వాటిల్లో ఫొటోకు సరిపోయే దూరంలో ఎప్పుడూ ఒక చెట్టు ఉంటుంది.

మొదట బలం లెక్క. బండి, మనుషులు, సామాన్లు అన్నీ కలిపిన బరువుకు ఒకటిన్నర రెట్లు గుంజగలిగే వించ్ కావాలన్నది ఈ విద్యలో అందరూ ఒప్పుకునే సూత్రం. నిండా సర్దిన థార్ 2,300 కిలోలనుకుంటే, ఒకటిన్నర రెట్లంటే 3,450. వించ్‌ల బలాన్ని పౌండ్లలో చెబుతారు. 8,000 పౌండ్లది ఇంచుమించు 3,600 కిలోలు, 9,500 పౌండ్లది 4,300. మొదటిది పాసు మార్కులకు సరిపోతుంది, రెండోదానికి ఫస్టు క్లాసు. హనుమకొండలో ఉండే మా బామ్మర్ది 12,000కు తగ్గొద్దన్నాడు. "తీస్కునేది ఎట్లాగూ తీస్కుంటున్నవ్, పెద్దది తీస్కో బావా!" ఫ్రిజ్జు కొన్నప్పుడూ అతను ఇదే మాటన్నాడు. ఫ్రిజ్జు బరువు ఇంటి నేల మోస్తుంది. వించ్ బరువు ముందు చక్రాల స్ప్రింగుల మీద పడుతుంది. ఇనుప తాడుతో కలిపి 9,500దే నలభై కిలోల దాకా తూగుతుంది. ఇంకా పెద్దదైతే బండి పెళ్లిచూపుల్లో పిల్లలా తల వంచుకునే ఉంటుంది.

పెట్టె మీద రాసిన ఆ బలానికి ఒక మెలిక ఉంది. డ్రమ్ము మీద తాడు ఒక్క వరస మాత్రమే మిగిలినప్పుడు ఉండే బలమది. వరస మీద వరస చుట్టుకొని డ్రమ్ము లావెక్కేకొద్దీ, ఒక్కో వరసకు ఇంచుమించు పదోవంతు చొప్పున గుంజుడు తగ్గిపోతుంది. అంటే చెట్టు పక్కనే ఉండి తాడు కొంచెమే విప్పితే మన 4,300 కిలోలు మూడు వేల దగ్గరికొస్తాయి. చెట్టు దూరంగా ఉండి తాడు దాదాపు మొత్తం విప్పితేనే పూర్తి బలం. మొత్తం అన్నాను కదా అని చివరిదాకా విప్పకూడదు. ఇనుప తాడైతే కనీసం ఐదు చుట్లు డ్రమ్ము మీద ఉండాలి, లేకపోతే కొస ఊడొస్తుంది. సింథటిక్ దారం తాడైతే పది.

ఈ తాళ్ల తగాదా ఎడ్ల బజారులో బేరాన్ని మించిపోయింది. ఇనుప తాడు మొరటుది, రాళ్లకూ ఇసుకకూ బెదరదు. అయితే దానికి తుప్పు పడుతుంది, విరిగిన పోగులు అరచేతిలో దిగుతాయి, తోలు గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. బిగువు మీద తెగిందంటే కొరడాలా తిరిగొస్తుంది. అందుకే నడుమ ఒక బరువైన గొంగడో కోటో వేసి, చూడటానికొచ్చిన జనాన్ని దూరంగా నిలబెట్టాలి. (మా ఊళ్లో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. తాడు బిగుసుకునేకొద్దీ జనం దగ్గరికొస్తారు.) దారం తాడు తేలిక, నీళ్ల మీద తేలుతుంది, తెగినా అంత కసిగా కొట్టదు. కానీ ఎండకు చీకుతుంది, డ్రమ్ములోని బ్రేకు వేడికి మాడుతుంది, ఇసుక రేణువులు పోగుల్లో దూరి లోపల్నుంచే కోస్తాయి. ఎండా, ఇసుకా తప్ప ఇంకేం దండిగా ఉన్నాయి మా గోదారి ఒడ్డున?

తర్వాత కరెంటు. పూర్తి బరువు పడ్డప్పుడు ఈ మోటారు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. బండిలోని ఆల్టర్నేటర్ అందులో మూడోవంతు ఇస్తే గొప్ప. ఇంజను నడుస్తూనే ఉండాలి, కొంచెం గుంజి ఆపాలి, మోటారు చల్లబడనివ్వాలి, మళ్లీ గుంజాలి. తొందరపడి ఒకే ఊపున నొక్కి పట్టామంటే బురదలో ఉన్న బండికి బ్యాటరీ కూడా పోతుంది.

జీపు చక్రాలకు లాకింగ్ హబ్బులు చేస్తూ 1948లో మొదలైన అమెరికా కంపెనీ వార్న్, 1959లో సరదా బండ్లకు ఎలక్ట్రిక్ వించ్ తెచ్చింది. అంతకు ముందు దిగబడ్డవాళ్లు ఏం చేశారని మా బాపును అడిగితే, "దిగవడే కాడికి పోలె" అన్నాడు.

బిగించడం దగ్గర ఇంకో చిక్కు. వించ్‌కు సరిపోతుందని పెద్ద ఇనుప గార్డు వేయించుకుంటే ఆర్టీఏ వాళ్లు ఆపుతారు. బండ్ల ముందు ఇలాంటి గార్డులు పెట్టడం మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలన్నిటికీ రాసింది. కనుక కంపెనీ బంపరు వెనకాల, ఛాసిస్‌కు బోల్టులు వేసి, మడతమంచం దాచినట్టు వించ్‌ను లోపలికి దాచే పళ్లెం వెతుక్కోవాలి. ముందుగా బీమావాళ్లను కూడా అడగాలి. వాళ్లు "మోడిఫికేషనా?" అని పలికే తీరులోనే సగం జవాబు వినిపిస్తుంది.

ఇక మా ఆవిడ ప్రశ్న దగ్గరికి వద్దాం. మా దగ్గర అడవికి కొదవ లేదు. 800 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం ఉంది. కానీ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అందులోకి అనుమతి లేకుండా బండేసుకొని పోవడానికి లేదు. సరదాగా పోయి దిగబడ్డవాణ్ని గుంజడానికి ముందు అటవీశాఖ వాళ్లే వస్తారు, బండిని కాదు, మనిషిని. బయట దొరికిన చెట్టుకైనా తాడు నేరుగా చుట్టకూడదు, బెరడు వొలిచేస్తుంది. వెడల్పాటి గుడ్డ బెల్టు వేసి దానికి తగిలించాలి. పైగా చెట్టంటే నమ్మకమేనా? 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో వచ్చిన సుడిగాలికి వేల చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అప్పట్నుంచి నేను ఏ చెట్టుకైనా బెల్టు చుట్టేముందు మొదలు చూస్తాను.

ఇసుకలో చెట్టే ఉండదు. అక్కడ స్టెప్నీ దిక్కు. బండికి ముందు దూరంగా నడుము లోతు గుంట తవ్వి, స్టెప్నీని నిలువుగా దింపి, బెల్టు బయటికి వచ్చేలా సన్నటి గాడి తీసి, మళ్లీ పూడ్చి తొక్కాలి. ఆ గుంట తవ్వాక పార ధర ఎంతైనా ఇవ్వాలనిపిస్తుంది. బండి బయటపడ్డాక స్టెప్నీ కోసం ఇంకోసారి తవ్వాలి, ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు.

వరదకు మాత్రం ఇవేవీ పనికిరావు. 2023 జూలైలో మా జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు కొండాయి ఊరి మీదికి వచ్చి మనుషుల్ని తీసుకుపోయింది. వాగు పొంగితే ఇవతల ఒడ్డున ఆగడమే, అక్కడ వించ్ మాటెత్తకూడదు.

చివరికి 9,500 పౌండ్లది, ఇనుప తాడుది తీసుకున్నాను. దాంతో పాటు ఒక గిలక. దీన్ని చెట్టుకు కట్టి, తాడును దాని చుట్టూ తిప్పి తెచ్చి బండికే తగిలిస్తే గుంజుడు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. బావి గిలకకు ఈ మహిమ లేదు, అది తాడు దారి మళ్లిస్తుందంతే. ఇన్ని సామాన్లలో పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పేది నాకైతే ఈ గిలకే.

వించ్ మొదటి బేరం నా బండి కాదు. ట్రాక్టరు కాకే. ట్రాలీ నిండా మిర్చి బస్తాలతో ఒడ్డు దిగుతూ ఇసుకలో కూరుకుపోయాడు. నేను ఠీవిగా పోయి, ఎదురుగా థార్ నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాడు తగిలించి, గొంగడి కప్పి, మీట నొక్కాను. తాడు బిగిసింది. ట్రాక్టరు కదల్లేదు. నాలుగు చక్రాలూ బిగపట్టిన నా బండే ముందర ఇసుకను కుప్పలు చేసుకుంటూ మెల్లగా కాక వైపు జరిగింది. తాడుకు రెండు కొసల్లో ఏది తేలికైతే అదే వస్తుంది మరి.

"నన్ను గుంజుతనని అచ్చి నువ్వే అస్తున్నవేంది బిడ్డా?" అన్నాడు కాక, సీటు మీంచి దిగకుండానే.

వెనక్కి పోయి థార్ తోకను చింతచెట్టు మొదలుకు కట్టాను. ట్రాలీ విడదీయించాను. గిలక వేశాను. ఈసారి ట్రాక్టరు మూలిగి, ఒక్కో అంగుళం చొప్పున ఒడ్డెక్కింది. ట్రాలీని తర్వాత ట్రాక్టరే గుంజుకుంది. చేరినవాళ్లలో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. కాక మాత్రం నా బంపరు దగ్గర గొంతుక్కూచొని, డ్రమ్మును, బోల్టులను, వైర్లను ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"నాలుగు టన్నులు గుంజుతదా?"

"గుంజుతుంది కాకా."

"గట్లయితె రేపు పొద్దుగాల మా బాయి కాడికి రా. మోటరు బురదల కూరుకపోయింది."

ఇది గుంజడానికే గాని ఎత్తడానికి కాదని, బరువును గాల్లో వేలాడదీయొద్దని దాంతో వచ్చిన పుస్తకంలోనే రాశారని వివరంగా చెప్పాను. కాక అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఎత్తుడెందుకు బిడ్డా," అన్నాడు, "జర అడ్డం వెట్టి గుంజుదాం."