వాసన లేనిదాన్ని

బారువ తీరంలో ఇసుక దిబ్బ మీది మొగలి పొదని నేను. మొగలి అనగానే గాలి పీల్చి చూస్తున్నారు కదూ! పీల్చకండి, నేను ఆడదాన్ని. మాలో గుబాళింపంతా మగ పొదలదే. మీ అమ్మమ్మలు జడలో కుట్టించుకున్న రేకులూ, పట్టుచీరల మడతల్లో దాచుకున్న పొత్తులూ, గంజాం బట్టీల్లో ఉడికి అత్తరయ్యే పువ్వులూ అన్నీ మగవే. నాకు కాసేది అనాసలాంటి కాయ. శివుడి దగ్గర దొంగసాక్ష్యం చెప్పింది కూడా ఆ మగ పువ్వే అయ్యుంటుంది. శాపం మాత్రం జాతి మొత్తానికి తగిలింది.

నేను సముద్రం మీద కొట్టుకొచ్చాను. మా కాయ పండి ఎర్రబడ్డాక తునకలుగా విడిపోతుంది. తునకలో పీచు ఉంటుంది కనుక మునగదు. ఉప్పునీళ్లలో చాలాకాలం తేలి, ఏదో ఒక ఒడ్డున పడి మొలుస్తుంది. మాకు జిల్లాలేమిటి, రాష్ట్రాలేమిటి? 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేటలూ గంజాం జిల్లాలోవే కదా.

గట్టు మీది మగ పొదలది వేరే కథ. వాటిని ఎవరూ గింజవేసి పెంచలేదు. బాగా పూసే పొద నుంచి పిలక తీసి పాతారు, దాని పిలక ఇంకో గట్టుకు వెళ్లింది. చూడ్డానికి వంద పొదలు, జన్యువుల లెక్కలో ఒక్కటే. ఒకటి ఉప్పు గాలికి గిడసబారుతుంది, ఇంకొకటి చెరువు గట్టున ఏపుగా ఎదుగుతుంది. అది నేల చేసిన తేడా, రక్తంలో తేడా కాదు. ఒకదానికి సోకిన తెగులుకు వందా లొంగిపోవచ్చు.

నా గింజలు అలా కాదు. ఏ మగ పొద పుప్పొడినో గాలి మోసుకొచ్చి నా మీద చల్లుతుంది. కాబట్టి నా పిల్లలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకసారి నా కింద ఏడు మొలకలు లేచాయి. కెరటం ఎక్కివచ్చిన ఉప్పుకు మూడు మాడిపోయాయి, ఎండకు రెండు పోయాయి. మిగిలిన రెండింటినీ ఎంచింది ఈ దిబ్బే. అవతలి దిబ్బయితే వేరే రెండింటిని ఎంచేదేమో!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరీ జీడీ పనసా నేలకూలాయి. ఊడలు ఇసుకలోకి దిగి ఉన్నాయి కాబట్టి నేను ఒరిగానే గానీ ఊడిరాలేదు.

ఆ తర్వాత ఒక రోజు పిలకల కోసం ఒక తాతా మనవడూ వచ్చారు. తాత నా కాయ చూసి పెదవి విరిచాడు: “ఆడ సెట్టురా గుంటడా, దీనికేటి వాసనుంటాది? నరికీ!” కుర్రాడు కత్తి ఎత్తాడు, ఆకు అంచు ముల్లు గీరుకుని మోచేతిమీద రక్తం చిమ్మింది. ఇద్దరూ తిట్టుకుంటూ మగ పొద వైపు వెళ్లిపోయారు. ముళ్లుండటం మంచిదే అనిపించింది ఆ రోజు.

సరుగుడు తోటలకనీ రొయ్యల చెరువులకనీ దిబ్బలు చదును చేసేవాళ్లకు నాదొక్కటే విన్నపం. మగ పిలకలు ఎన్నైనా నాటుకోండి. కాయ కాసే పొద కనిపిస్తే మాత్రం, దాన్నీ దాని కింది మొలకల్నీ వదిలేయండి.