3000 వాట్ల పెట్టె, 30 ఆంపియర్ల ఫ్యూజు

బడ్జెట్ కార్ ఆంప్లిఫయర్‌కు రెండు అంకెలుంటాయి. ఒకటి అట్టపెట్టె మీద, రోడ్డవతలి వాళ్లకూ కనిపించేలా మెరుస్తుంటుంది: 3000 వాట్లు. రెండోది వైర్లు బిగించేచోట, ఫ్యూజు నెత్తిన గోరంత ఉంటుంది: 30. బేరమంతా మొదటి అంకె మీద నడుస్తుంది. పాట మాత్రం రెండో అంకె మీద నడుస్తుంది.

లెక్క ఐదో తరగతిది. ఇంజన్ నడుస్తుండగా కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. 30 ఆంపియర్ల ఫ్యూజు గుండా నిలకడగా లోపలికి పోగలిగేది 432 వాట్లు. ఏబీ క్లాస్ ఆంప్ ఫుల్ సౌండ్‌లో అందులో 60 శాతం స్పీకర్లకు పంపితే బుద్ధిగా పనిచేస్తున్నట్టే. అంటే దాదాపు 260 వాట్లు, నాలుగు ఛానెళ్లకు తలా 65. తక్కిన 2740 వాట్లూ అట్టపెట్టెలోనే ఉండిపోతాయి కనుక దాన్ని పారేయకుండా దాచుకోవడం మంచిది.

అన్నమాట ప్రకారం 3000 వాట్లూ రావాలంటే అదే లెక్కన 5000 వాట్లు లోపలికి పోవాలి. అంటే దాదాపు 350 ఆంపియర్లు. చిన్న కార్ల ఆల్టర్నేటర్లు మామూలుగా వంద ఆంపియర్లు కూడా ఇవ్వవు. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, పెట్రోలు పంపు అన్నీ ఆ వంద లోపే సర్దుకోవాలి. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు.

ఈ అంకెలు పుట్టే విధానం స్టీరియోలో తేలిగ్గా తెలుస్తుంది. డాష్‌బోర్డు స్టీరియోల మీద ‘50 వాట్లు × 4’ అని ఉంటుంది. లోపల వోల్టేజీ పెంచే సర్క్యూటు లేనప్పుడు, 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకర్‌కు శుభ్రమైన ధ్వనిగా వెళ్లగలిగేది 26 వాట్లే, అదీ నష్టాలేవీ లేవనుకుంటే. తరంగం కొనలు నరికి చతురస్రంగా చేస్తే 52 వస్తుంది. పెట్టె మీదకెక్కిన 50 ఆ నరుకుడు ఫలితమే. ఆ స్థాయిలో ఘంటసాల పాట పెడితే పిండిమర వినిపిస్తుంది. ఆంప్‌ల పెట్టెలు ఇంకో మెట్టు ఎక్కుతాయి: 2 ఓమ్‌ల లోడు, రెప్పపాటు కొలత, ఛానెళ్లన్నిటి కూడిక, ఆపైన ముద్రాపకుడి ఔదార్యం. దీనికంతటికీ ‘మ్యాక్స్’ అని నామకరణం.

సామర్థ్యం సంగతీ ఇంతే. డీ క్లాస్ ఆంప్‌లు 80 శాతం దాటడం నిజం. కానీ ఏబీ క్లాస్ వాటి 60 శాతం ఫుల్ సౌండ్‌లోని మాట. పాట సగటున తీసుకునేది గరిష్ఠ శక్తిలో ఎనిమిదో వంతు అనుకుంటే, అక్కడ సామర్థ్యం 30 శాతం లోపుకు పడిపోతుంది. మిగతాదంతా వేడి. ఆ వేడిని వదిలించాల్సిన అల్యూమినియం బాడీ మూడడుగుల పొడవుంటే, మూత విప్పాక బోర్డు అడుగున్నర ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

మన్నిక చెడేది కూడా ఆ అబద్ధపు అంకె వల్లే. 3000 ఉందన్న ధీమాతో రెండు ఛానెళ్లను ఒకటిగా బ్రిడ్జి చేసి 2 ఓమ్‌ల సబ్‌వూఫర్ తగిలిస్తారు. అప్పుడు ఒక్కో ఛానెల్ మోసేది 1 ఓమ్ లోడు. అనుకున్నంత మోత రాకపోతే, స్టీరియో సిగ్నల్‌కు సరిపెట్టడానికి ఉన్న గెయిన్ నాబ్‌ను వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పుతారు. పవర్ వైరు రాగిపూత అల్యూమినియం. అల్యూమినియం విద్యుద్వాహకత రాగి వాహకతలో సుమారు 60 శాతమే. అందుకు పరిహారంగా ప్లాస్టిక్ తొడుగు లావుగా వేస్తారు. ఈ సంసారమంతా సీటు కింద, గాలాడని చోట. కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగమవుతుంది. మే నెల బెజవాడ ఎండలో నిలిపిన కారులో ఆ లెక్క ఎటు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇన్నిటి తర్వాత ఫ్యూజు ఎగిరిపోతుంది. మొత్తం సరుకులో నిజం చెప్పిన భాగం అదొక్కటే కనుక శిక్ష దానికే. 30 తీసి 40 పెడతారు, అదీ పోతే సిగరెట్ పెట్టె రేకు చుడతారు. ఇక కాలిపోయే వంతు వైరుది. ‘కాలిన సరుకుకు వారంటీ లేదు’ అన్న వాక్యం అప్పుడు బిల్లు వెనక కనిపిస్తుంది.

విరుగుడు ఎప్పుడో వచ్చింది. అమెరికాలో 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణం రూపొందింది: 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, డిస్టార్షన్ 1 శాతం మించకుండా కొలిచిన వాట్లే రాయాలి. పాటించడం మాత్రం కంపెనీల ఇష్టం. ఇష్టంలేని కంపెనీల పెట్టెల దగ్గర ఫ్యూజును 14.4తో, ఆ వచ్చినదాన్ని ఏబీ అయితే 0.6తో, డీ అయితే 0.8తో గుణిస్తే చాలు. ఛానెల్‌కు 50 వాట్లు నిజంగా ఇచ్చే చవక ఆంప్ చిన్న కారుకు సరిపోతుంది, సరైన వైరు, సరైన లోడు ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దాని పెట్టె మీద 50 అనే రాస్తే షాపులో ఎవరూ చెయ్యి పెట్టరు.