భవానీ ఐలాండు వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “పొద్దున్నే భవానీ ఐలాండుకెళ్ళి చీకటి పడకుండా వచ్చేద్దాం, పులిహోర మాత్రం కట్టు.”

అవతారిక: విజయవాడ ప్రాంతమున శనివారపు రాత్రి భోజనానంతరము గృహస్థునిచే పలుకబడు ఈ వాక్యమున విహారమునకు కర్త ‘మనము’ అని అధ్యాహారము చేసికొనవలసియుండగా, అనగా చెప్పని మాటను తెచ్చుకొనవలసియుండగా, శ్రమకు కర్త గృహిణి యొక్కతియే యని ‘కట్టు’ అను క్రియవలన స్పష్టమగుచున్నది.

టీక: పొద్దున్నే = ఉదయకాలమున; అనగా స్నానములు, ఉపాహారము, బండి తాళపుచెవుల అన్వేషణము ముగిసిన పిమ్మట.

భవానీ ఐలాండుకు = ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఉత్తరపుటొడ్డున విజయవాడకును దక్షిణపుటొడ్డున రాజధాని అమరావతి గ్రామములకును నడుమ, కృష్ణలో 133 ఎకరముల మేర వ్యాపించిన దీవికి. వరద తెచ్చిన ఒండ్రు మేట వేయగా ఏటి నడుమ ఏర్పడిన నేలను తీరవాసులు లంక యందురు; అందు అరటియు కూరగాయలును పండినచో లంకగాను, ఊయలలును టికెట్టు కౌంటరును వెలసినచో ఐలాండుగాను వ్యవహరించుట లోకరూఢి.

ఎళ్ళి = పున్నమి ఘాటున టికెట్టు కొని, లైఫ్ జాకెట్టు అను నారింజవన్నె కంచుకమును తొడిగి, పడవనెక్కి. ఈ కంచుకము పెద్దల కొలతకు కుట్టబడుటచే అందు దూరిన బాలునికి చెవులు మూతపడి కన్నులు మాత్రమే మిగులును. ఇచ్చట నదీవిహారమనుట ఉపచారము, అనగా మర్యాదకు అన్నమాట. 1855 నాటి ఆనకట్టకు బదులుగా కట్టబడి 1957లో ప్రారంభమైన బ్యారేజీ తన 70 గేట్లతో 12 అడుగుల మేర నీటిని నిలుపుటచేతనే ప్రవాహము సన్నగిల్లిన కాలమునను పడవ తేలుచున్నది గనుక, యాత్రికుడు విహరించునది డెల్టా పొలముల కాలువలకై ఆపియుంచిన నీటిలోనేయని గ్రహింపవలెను.

మాత్రం = నియమార్థకము; తక్కినవానిని తోసిపుచ్చునది. వైయాకరణుల మతమున పులిహోర తప్ప మరేమియు కట్టనక్కరలేదు. ఈ మతము వంటింట చెల్లదు. పులిహోర యన్నచో దద్దోజనమును, దద్దోజనమన్నచో ఊరగాయయు, ఊరగాయ నూనె కారును గనుక పాత వార్తాపత్రికయు, పరచుకొన చాపయు, మంచినీళ్ల క్యానును క్రమముగా సంక్రమించును. స్టీలు క్యారేజీ గిన్నెలు నాలుగును నిండిన పిదప గృహస్థుడు “ఇంత ఎందుకు?” అని ఆక్షేపించుటయు, దీవిలో మొదటి గిన్నె మూత అతడే తీయుటయు సంప్రదాయసిద్ధము.

చీకటి పడకుండా వచ్చేద్దాం = తిరుగు పడవ దొరికినప్పుడు వత్తుము.

తాత్పర్యము: వారమంతయు పట్టణమున తిరిగినవారు ఒక పూట చెట్ల నీడన భుజించి, ఫొటోలు దిగి, ఎక్కిన రేవుననే దిగుదురని భావము.

విశేషములు: ఉద్దండరాయునిపాలెము, రాయపూడి మొదలగు ఊళ్ల ఎదుటి లంకలకు పడవ దాటు రైతులకు ఈ దాటుట విహారము గాదు, నిత్యకృత్యము. అరటిగెలతో ఒడ్డుకు వచ్చువానిని చూచి పులకించి ఫొటో తీయుటకన్న ఒక అత్తము కొనుట మేలని టీకాకారుని అభిప్రాయము. వరద వచ్చినప్పుడు మాత్రము లంకకును ఐలాండుకును భేదము లేదు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ఒక క్యూసెక్కు) దాటగా, ఆ వరదలో రెండును మునిగినవి. అట్టి ఉద్ధృతిలో విహారపు పడవలు తిరుగవు. కావున వానాకాలమున ఈ వాక్యమును పలుకదలచిన గృహస్థుడు, రేవు తెరచియున్నదో లేదో ముందుగా విచారించుకొని, పిమ్మటనే పిల్లల చెవిని వేయవలెను.