ఫారంలో సాధువు, రీల్‌లో సాహసి

జీవిత బీమా ఫారంలో ఓ ప్రశ్న ఉంటుంది: పర్వతారోహణ, పారాగ్లైడింగ్, స్కూబా డైవింగ్ లాంటి ప్రమాదకర సరదాలేమైనా ఉన్నాయా? మనవాడు బుద్ధిగా 'లేవు' అని టిక్కు పెడతాడు. సంతకం తడి ఆరకముందే బీర్ బిల్లింగ్ కొండ మీంచి గాల్లోకి ఎగిరి రీల్ పెడతాడు.

నిజం చెబితే ప్రీమియం కాస్త పెంచుతారు, లేదా ఆ సరదాకి కవరేజీ ఉండదంటారు, మరీ అయితే పాలసీయే ఇవ్వమంటారు. దాస్తే మాత్రం 1938 బీమా చట్టం 45వ సెక్షన్ ఉంది: 3 ఏళ్లలోపు దాపరికం బయటపడితే క్లెయిము గల్లంతే. సాక్ష్యం కోసం కంపెనీ ఊరంతా తిరగక్కర్లేదు. మనవాడే తేదీతో, లొకేషన్‌తో, హ్యాష్‌ట్యాగులతో సహా సమర్పించాడు!

కంపెనీల తెలివీ తక్కువేం కాదు. ఏడాదికోసారి పైలట్‌ని వెనక కట్టుకుని ఎగిరేవాడికి సవాలక్ష ప్రశ్నలు. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రోజూ రాంగ్ రూట్లో అమీర్‌పేట దాటేవాడికి ఫారంలో గడే కనిపించదు. అది సాహస క్రీడ కాదట, ఆఫీసుకెళ్లడమట!