వాటం లేని వైభోగం

పడకగదిని ఆనుకుని స్నానాలగది, దాన్ని ఆనుకుని బట్టల గది, అన్నీ కలిపి తక్కువ బడ్జెట్‌లో! హైదరాబాదు ఇంటీరియర్ షాపుల్లో పుట్టిన ఈ ప్యాకేజీకి దాదాపు 50 కిలోమీటర్ల అవతల ఇక్కత్ నేసే భూదాన్ పోచంపల్లి పెద్ద దూరమేమీ కాదు. ఈ ప్యాకేజీలో బడ్జెట్ వేసే తీరు చూసి తీరాలి. ముందు గోడకు నిలువెత్తు టైల్స్. ఆ తర్వాత అద్దాల తలుపు, రాతి బల్ల మీద కూర్చునే బేసిన్, నడినెత్తిన జడివాన కురిపించే షవరు, బంగారు రంగు నల్లాలు. ఇవన్నీ అయ్యాక చేతిలో ఏమైనా మిగిలితే పైపులు. మిగలకపోతే పాత పైపులే ఉంటాయి, ఎలాగూ గోడలో పోయేవేగా అని సర్దిచెబుతారు. దీన్ని పొదుపు అనడం పొదుపును అవమానించడమే. కనిపించని పనికి పెట్టాల్సిన డబ్బును కోసి కనిపించేదానికి అతికిస్తున్నారంతే. ఆ కోతకు బిల్లు గృహప్రవేశం నాడు రాదు, రెండో వానాకాలంలో వస్తుంది.

స్నానాలగది చేయాల్సిన మొదటి పని వాడిన నీళ్లను బయటికి పంపడం. అందుకు నేలకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం కావాలి. నాహాని ట్రాప్‌లో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి మురుగు వాసనను అడ్డుకోవాలి. మురుగు పైపుకు ఇంటి పైదాకా గాలి గొట్టం ఉండాలి. టైల్స్ పరచకముందే వాటర్‌ప్రూఫింగ్ చేసి, రెండు రోజులు నీళ్లు నిలగట్టి, అవతలి గోడకు చెమ్మ దిగిందో లేదో చూడాలి. వీటిలో ఒక్కటీ ఫొటోలో పడదు. ‘అబ్బ, ఎంత చక్కటి ట్రాపు పెట్టించావమ్మా’ అని ఏ చుట్టమూ మెచ్చుకోడు. అందుకే అంచనా కాగితంలో వీటికి చోటుండదు. ఈశాన్యంలో మరుగుదొడ్డి రాకూడదని పండితుడికి సంభావన ఇచ్చి, కట్టిన గోడను కూడా పడగొట్టించే యజమాని, మురుగు ఏ దిక్కున పోతోందని మేస్త్రిని ఒక్క మాట అడగడు. వాస్తు దోషానికైతే ఏదో ఒక శాంతి ఉంటుంది. వాటం దోషానికి గడ్డపారే శాంతి.

ఇక ఆ జడివాన షవరు సంగతి. పోచంపల్లి ఉన్న పాత నల్లగొండ జిల్లా నేల కింది నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో దేశానికంతా తెలుసు. దాన్ని తగ్గించే ఒక పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పడింది. పోచంపల్లికి పొరుగునున్న చౌటుప్పల్‌లో 2015లో తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ లేచింది కూడా ఈ ప్రాంతపు నీళ్ల గోస వల్లే. ఆ పథకం లెక్క ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135. నిమిషానికి పది లీటర్లు పోసే షవరు కింద పది నిమిషాలు నిలబడితే ఒక పల్లెటూరి మనిషి రోజు వాటా మొత్తం నెత్తి మీదుగా మోరీలో కలుస్తుంది. భగీరథ నీళ్లు వద్దనుకుని బోరు నీళ్లు పెడదామంటే, ఆ ఉప్పుకు షవరు రంధ్రాలు పూడుకుపోతాయి, అద్దాల తలుపు మీద తెల్లటి పూత కడుతుంది. రోజూ వెనిగర్ పెట్టి రుద్దితేనే అది అద్దంలా కనిపిస్తుంది. ఆ రుద్దే చేతులు ఎవరివన్నది ప్యాకేజీలో రాసి ఉండదు. ఏ ఇంట్లోనైనా అవి ఎవరివో అందరికీ తెలుసు.

తక్కువ ఖర్చులో మరుగుదొడ్డి ఎలా కట్టాలో మన ఇంజినీర్లు ఎప్పుడో తేల్చారు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద గ్రామాల్లో ఒక్కో మరుగుదొడ్డికి సర్కారు ఇచ్చింది 12,000 రూపాయలు. ఆ పథకం సిఫారసు చేసిన రెండు గుంతల పద్ధతి ఒక్కసారి చూడండి. పాన్‌కు వాలు ఎక్కువ కాబట్టి లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లు చాలు. ఒక గుంత నిండితే మళ్లింపు తొట్టి దగ్గర దారి మార్చి రెండోది వాడతారు. మొదటిదాన్ని మూసి వదిలేస్తే రెండేళ్లలో అందులోది చేలో వేసుకునే ఎరువవుతుంది. ఆ పన్నెండు వేలు చాలాయా అంటే చాలలేదు, నాసిరకంగా కట్టినవీ ఉన్నాయి. కానీ ఆ నమూనాలో డబ్బు ముందు నేలలోకి దిగింది. లక్షల ప్యాకేజీలో మాత్రం డబ్బు గోడెక్కి కూర్చుంటుంది, ఆ మెరిసే కమోడ్ ఏ గుంతలోకి పోతుందో అడిగితే ‘పాత లైనుకే కలిపేస్తాం’ అంటారు.

బట్టల గది వైభోగం ఇంకా ముచ్చటైనది. ఆరడుగులకు నాలుగడుగుల చోటులో మూడు వైపులా ప్లైవుడ్ అరలు, మధ్యలో మనిషి. తలుపు మూస్తే గాలాడదు. తలుపు తీస్తే ఎదురుగా స్నానాలగది ఆవిరి. పట్టు చీరకు ఇంతకంటే పగవాళ్లు ఉండరు. తేమకు పట్టు బూజు పడుతుంది, వెండి జరీ నల్లబడుతుంది, మడత దగ్గర పోగు బలహీనపడుతుంది. పట్టు చీరను నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చి, నీడన గాలికి ఆరేసి బీరువాలో పెట్టాలని చీర కట్టే ఏ ఇంట్లోనైనా చెబుతారు. ప్యాకేజీవాళ్లు మాత్రం కోట్లకు, గౌన్లకు పుట్టిన హ్యాంగర్ల వరసను పోచంపల్లి పట్టుకు తగిలించి, దాన్ని స్నానపు గోడకు ఆనించి పెడతారు. నేసే ఊళ్లో అయితే ఇంకో చిక్కు. ఆ గోడకు అవతల గుంట మగ్గం ఉండొచ్చు. వానొస్తేనే గుంటలో చెమ్మ ఊరుతుందని వాపోయే ఇంటికి ఏడాది పొడవునా ఊరే గోడను కట్టిస్తున్నారు. సోకు కోసం కట్టిన గది బువ్వ పెట్టే గదిని తడిపేస్తుందన్నమాట.

దీనికి జవాబు వస్తుంది: తక్కువ సంపాదన ఉన్నవాళ్లకు సోకు ఉండొద్దా, పడకగదిలోనే బాత్‌రూం కావాలనుకోవడం తప్పా? తప్పు కాదు, అవసరం. రోజంతా గుంటలో కాళ్లు పెట్టి మగ్గం తొక్కిన మోకాళ్లకు రాత్రి పూట వాకిలి దాటి పోవడం శిక్షే. నేతకు ముందు పోగు చుట్టే ఆసు పనికి చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేయకముందు ఒక్క చీరకు 9,000 సార్లు చేయి తిప్పి ఆసు పోసిన తల్లులకు కూర్చునే కమోడే దిక్కు. అయితే ఆ మోకాళ్ల పేరు చెప్పి అమ్మేది ఏమిటి? కాలు పెడితే జారే నున్నటి టైల్స్. పట్టుకోవడానికి గోడకు ఒక స్టీలు కడ్డీ, కాలు నిలిచే గరుకు టైల్స్ అడిగితే ‘లుక్ పోతుంది’ అంటారు. ఇంకో వాదన, పిల్ల సంబంధానికి వచ్చినవాళ్లు బాత్‌రూం చూస్తారని. చూడనివ్వండి. పెళ్లి చూపులు అరగంటలో ముగుస్తాయి, ఇంట్లోవాళ్లు ఆ వాసనతో ఏళ్ల తరబడి ఉంటారు.

కనిపించని పని ముందు చేయాలన్న మాట పోచంపల్లికి ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఇక్కత్‌లో లెక్క చూసి ముడి వేశాకే పోగు రంగులో మునుగుతుంది. ముడి తప్పితే మగ్గం మీద ఎవరూ దిద్దలేరు. స్నానాలగదిలో వాటమూ పైపూ ఆ ముడి వంటివి, టైల్స్ రంగు వంటివి. కాబట్టి అంచనా కాగితం తలకిందులు చేయాలి: మొదట మురుగు దారి, వాటం, వాటర్‌ప్రూఫింగ్, తర్వాత గాలికి కిటికీ, కాలు జారని నేల, ఆ తర్వాత తడి గోడకు దూరంగా ఒక బీరువా, చిట్టచివర టైల్స్. మధ్యలో డబ్బు అయిపోతే సున్నం గోడల మధ్య హాయిగా స్నానం చేయొచ్చు, చేతిలో నాలుగు పైసలు ఆడాక టైల్స్ వేయించుకోవచ్చు. టైల్స్ ముందు వేసి పైపు తర్వాత మార్చాలంటే రెండింటికీ రెండుసార్లు డబ్బు పెట్టాలి. ప్యాకేజీ అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు, ఆ రెండోసారి పనీ వాళ్లదే మరి!