సూపర్‌హీరోకి పంతులుద్యోగమా!

ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? చేతుల ఎముకలు మళ్లీ మళ్లీ విరగ్గొట్టుకున్నాడు, ఒళ్లంతా మచ్చలు చేసుకున్నాడు, ప్రాణాలకి తెగించి జపాన్‌ని కాపాడాడు. తీరా కథ కంచికి వెళ్లే వేళకి ఆ కుర్రాడికి దక్కిందేమిటి? చదువుకున్న బళ్లోనే మేస్టరుద్యోగం! 2024 ఆగస్టులో ‘మై హీరో అకాడెమియా’ అనే మాంగా (జపాన్ కామిక్స్) ఆఖరి అధ్యాయం రాగానే అభిమానలోకం గుండెలు బాదుకుంది. కథానాయకుడు ఇజుకు మిదోరియా మెక్‌డొనాల్డ్స్ కౌంటరు వెనక బర్గర్లు అందిస్తున్నాడంటూ ఎగతాళి బొమ్మలు చేతులు మారాయి. కథలో అతను బర్గర్ల జోలికే పోలేదు, పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాడు. అయినా రెండూ ఒకటేనట. ఆకాశంలో ఎగరని ఉద్యోగాలన్నిటికీ వాళ్ల లెక్కలో ఒకటే పే స్కేలు.

ఈ గొడవ తెలియని అదృష్టవంతుల కోసం కాస్త కథ చెప్పాలి. కొహెయి హొరికొషి 2014 జులైలో ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో దీన్ని మొదలుపెట్టాడు. నూటికి ఎనభై మంది ఏదో ఒక వింత శక్తితో పుట్టే లోకం అది. ఒకడి అరచేతుల్లోంచి పేలుళ్లు పుడతాయి, ఒకమ్మాయి ముట్టుకున్న వస్తువు బరువు పోయి గాల్లో తేలుతుంది. ఏమీ లేకుండా పుట్టిన మిగతా ఇరవై మందిలోవాడు మిదోరియా. దేశంలోకెల్లా పెద్ద హీరో ఆల్‌మైట్ ఇతని తెగువ చూసి తన శక్తిని ఇతనికి ధారపోస్తాడు. ధారపోయడమంటే కమండలంలో నీళ్లు తీసుకుని కాదు, తన తల వెంట్రుక మింగించి. ఆపైన హీరోల్ని తయారుచేసే యూఏ హైస్కూల్లో సీటు, ఇరవై మంది పిల్లలున్న ఒకటో సంవత్సరం ‘ఎ’ సెక్షను. ఆ మొదటి సంవత్సరం సిలబస్ అయ్యేసరికి పాఠకులకి దాదాపు పదేళ్లు పట్టింది. మొత్తం 430 అధ్యాయాలు. చివరి యుద్ధంలో ఆ శక్తిని వదులుకుంటే తప్ప గెలుపు దక్కలేదు. ఒంట్లో మిగిలిన నిప్పురవ్వలు కూడా కొన్నాళ్లకి ఆరిపోయాయి. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే తోటివాళ్లు హీరోలుగా తిరుగుతున్నారు, ఇతను సుద్దముక్క పట్టుకున్నాడు.

బతకలేక బడిపంతులన్న మాట మన సొంతమని ఇన్నాళ్లూ గర్వపడ్డాం. పేటెంటు తీసుకోకపోవడం పొరపాటైంది. జపాన్ కథలో టీచరైన పిల్లాడి మీద సముద్రాల అవతలి కుర్రాళ్లు జాలి పడుతుంటే, మన మేనమామలు పెళ్లి సంబంధాల దగ్గర పెదవి విరిచినట్టే వినిపించింది. అబ్బాయి ఏం చేస్తున్నాడు? టీచరండీ. ఓహో, ఇంకేమైనా ట్రై చేస్తున్నాడా?

ఒక్క చిక్కుంది. ఈ కథలో అందరూ దేవుడిలా చూసే ఆల్‌మైట్ కూడా ఆ బళ్లో టీచరే. శక్తి పూర్తిగా పోయి, బట్టలు వేలాడే ఎముకల గూడై కూడా పాఠం మానలేదు. అతని చేతికి బర్గరిచ్చి ఎవరూ నవ్వలేదు. క్లాసు టీచరు ఐజావా మొదటి రోజే పిల్లల్ని బడిలోంచి పంపేస్తానని బెదిరించాడు, తర్వాత వాళ్ల కోసం కన్నూ కాలూ పోగొట్టుకున్నాడు. ఆయన బొమ్మల్ని ఈ అభిమానులే గదుల గోడలకి అంటించుకున్నారు. అంటే బాధ పంతులుద్యోగం గురించి కాదు. ముసలాళ్లు పాఠాలు చెబితే త్యాగం, మనవాడు చెబితే నౌకరీ. హీరో తన గురువులా తయారవ్వాలని పదేళ్లు కోరుకున్నవాళ్లు, అచ్చంగా అలాగే తయారయ్యేసరికి మోసం మోసమని అరిచారు.

పాపం, వాళ్ల వైపు నుంచీ చూడాలి. 2014లో పన్నెండేళ్ల పిల్లాడికి 2024లో ఇరవై రెండు. ఇంటర్వ్యూలో కూర్చుని, వచ్చే ఐదేళ్లలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారన్న ప్రశ్నకి జవాబు బట్టీ పడుతున్న వయసు. ప్రపంచంలో ఒక్కడైనా ఈ బయోడేటా బాధ తప్పించుకుంటాడని వాళ్లు నమ్మకం పెట్టుకున్నది మిదోరియా మీదే. వాడూ పొద్దున్నే టై కట్టుకుని ఉద్యోగానికి బయల్దేరితే ఎంత ద్రోహం!

అసలు ఆ బర్గర్ల ఎగతాళికి ముందే ఒకామె నిజంగా ఆ పని చేసింది. 1997 నుంచి 2003 దాకా అమెరికా టీవీలో నడిచిన ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’లో బఫీ హైస్కూల్లో చదువుకుంటూ రక్తపిశాచాల్ని వేటాడుతుంది. పట్టాలు పంచే రోజున ఊరి మేయరు కొండంత పాముగా మారితే, వాణ్ణి చంపడానికి బడినే పేల్చేసి మరీ చదువు ముగించింది. హైస్కూలు దాటడమంటే అది! ఆరో సీజన్‌కి వచ్చేసరికి తల్లి లేదు, చెల్లెల్ని పెంచాలి, ఇంటి నేలమాళిగలో నీళ్ల పైపు పగిలింది, బాగుచేయించడానికి డబ్బు లేదు. అప్పు కోసం వెళ్తే బ్యాంకు మొహం చాటేసింది. ప్రపంచాన్ని పలుమార్లు కాపాడిన అనుభవం పూచీకత్తుగా పనికిరాదట. చివరికి డబుల్‌మీట్ ప్యాలెస్ అనే బర్గర్ల కొట్టులో యూనిఫాం వేసుకుంది. ఆ సీజన్‌ని చాలామంది అభిమానులు ఇప్పటికీ దిగులు సీజనని తిట్టుకుంటారు. రాక్షసులొస్తే వాళ్లకి అభ్యంతరం లేదు, పైపు బిల్లు వస్తేనే భయం. ఆఖరి సీజన్‌లో ఆమెకి దొరికిన ఉద్యోగం చూశారా? మళ్లీ కట్టిన అదే బళ్లో పిల్లలకి సలహాలు చెప్పే కౌన్సెలరు. మళ్లీ బడే!

ఇంకో దారి కూడా ఉంది, ‘స్మాల్‌విల్’ దారి. సూపర్‌మ్యాన్ కుర్రతనం గురించిన ఆ సీరియల్‌కి నిర్మాతలు ఒక నియమం పెట్టుకున్నారు: వాడు ఎగరకూడదు, ఆ బిగుతు బట్టలు వేయకూడదు. 2001లో మొదలైతే 2011లో ఆఖరి భాగం దాకా పదేళ్లపాటు దాదాపుగా మాట నిలబెట్టుకున్నారు. ప్రొబేషన్‌లోనే పదవీ విరమణ వయసు తెప్పించే కొన్ని ఆఫీసులు మనకి తెలుసు కాబట్టి ఆశ్చర్యపోనక్కర్లేదు.

హొరికొషి మీద నాకున్న ఫిర్యాదు వేరు. అతను కూడా చివర్లో జంకాడు. పంతుల్ని పంతులుగా వదిలేయలేక, ఆల్‌మైట్ చేతికి ఒక సూట్‌కేసు ఇచ్చి పంపాడు. అందులో హైటెక్ కవచం. పాత స్నేహితులంతా, ముందు ఆ పేలుళ్ల కుర్రాడు బకుగో పూనుకుని, చందాలేసుకుని చేయించారట. గురుపూజ నాడు శాలువా కప్పి, ఉద్యోగం గొప్పదేలెండి అన్నట్టుంది ఆ సన్నివేశం. తర్వాత అభిమానుల కోసం వేసిన పుస్తకంలో ఇంకో అధ్యాయం కూడా కలిపి, వస్తువుల బరువు పోగొట్టే ఆ అమ్మాయి ఉరారకతో నలుగుతున్న సంగతీ తేల్చేశాడు. అలిగినవాళ్లు ఊరుకున్నారు. కవచం వచ్చింది, పిల్ల కుదిరింది, ఇంకేం కావాలి? ఎనిమిదేళ్లు వాడు క్లాసులో ఏం చెప్పాడో ఒక్క పేజీ అయినా చూపించమని మాత్రం ఎవరూ అడగలేదు.

నిజానికి ఆ కథకి అసలు ముగింపు కవచం రాకముందే అయిపోయింది. విలన్ షిగరాకి చిన్నప్పుడు, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే ఎవరూ చేయి పట్టుకోలేదు. దగ్గరికొచ్చిన ఒకావిడ కూడా జడుసుకుని, హీరో ఎవరైనా వస్తారులే అని వెళ్లిపోయింది. యుద్ధం అయ్యాక అదే ఆవిడ, ఇప్పుడు ముసలిది, దిక్కులేకుండా తిరుగుతున్న ఇంకో పిల్లాడి చేయి పట్టుకుంటుంది. హీరోలకి తీరిక దొరికే సమాజం కావాలని హాక్స్ అనే హీరో మొదట్నుంచీ కోరుకున్నది కూడా దీన్నే. నేరాలు తగ్గాయి, హీరోలకి పని తగ్గింది. ఇది గెలుపు. అభిమానుల దృష్టిలో మాత్రం నిరుద్యోగం.

మరి వాళ్ల మనసుకి నచ్చిన హీరో ఎవరు? ఎప్పటికీ ఎదగనివాడు. స్పైడర్‌మ్యాన్! 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో పీటర్ పార్కర్‌ని పదిహేనేళ్ల పిల్లాడిగా పుట్టించారు. మొదట్లో వాళ్లకి భయం లేదు, 1965కల్లా హైస్కూలు దాటించేశారు. అక్కణ్ణుంచి నడక మందగించింది. 1978లో డిగ్రీ పట్టా అందుకునే వేళకి వ్యాయామం క్రెడిట్ ఒకటి తక్కువైంది. గోడలెక్కేవాడికి పీటీలో తక్కువ! సరే, 1987లో మేరీ జేన్‌తో పెళ్లి చేశారు. న్యూయార్క్ షే స్టేడియంలో వేషధారులతో ఆ పెళ్లి జరిపిస్తే, పెళ్లిపెద్దగా స్టాన్ లీయే నిలబడ్డాడు.

ఆ తర్వాత సంపాదకులకి బెంగ పట్టుకుంది. పెళ్లయినవాణ్ణి పిల్లలు తమవాడనుకోరట. పోనీ విడాకులిప్పిద్దామంటే, అప్పుడు మరీ ముదురైపోతాడట. 2007లో దారి దొరికింది. పీటర్‌ని పెంచిన మే పెద్దమ్మ ప్రాణం దక్కాలంటే మీ పెళ్లి నాకిచ్చెయ్యమని మెఫిస్టో అనే సైతాను అడగడం, భార్యాభర్తలు ఒప్పుకోవడం, ఇరవై ఏళ్ల కాపురం జరగనే జరగనట్టు చెరిగిపోవడం. విడాకులకి లాయర్లుంటారు, వాయిదాలుంటాయి, భరణం ఉంటుంది. ఎదుగుదలని రద్దు చేయించుకోవడానికి సైతాను సంతకం ఒకటి చాలింది. దీనికి అభిమానులు గోల చేయలేదా అంటే చేశారు, గట్టిగానే చేశారు. కానీ కొనడం మానలేదు. సంపాదకులు లెక్క చూసుకున్నది అరుపుల్ని కాదు.

సినిమాల్లోనూ అదే వరస. ఇరవయ్యారేళ్ల టోబీ మగ్వైర్ 2002లో హైస్కూలు బస్సు వెంట పరిగెత్తాడు. 2012లో ఆండ్రూ గార్ఫీల్డ్ అంతకన్నా పెద్దవాడై అదే బడికి వెళ్లాడు. చేతిలో ఒకే ఒక్క నోటుబుక్కుతో కాలేజీకొచ్చే యాభయ్యేళ్ల యువకుల్ని చూసి పెరిగిన మనం దీన్ని తప్పుపట్టలేం. టామ్ హాలండ్ నిజంగానే కుర్రవాడు, కాబట్టి వాణ్ణి ఇంకో రకంగా ఆపారు. 2021 నాటి ‘నో వే హోమ్’ చివర ప్రపంచంలో ఎవరికీ పీటర్ గుర్తుండడు. స్నేహితులకి ఎంఐటీలో సీట్లొచ్చాయి, వీడు అద్దెగదిలో ఒంటరిగా పెట్టె సర్దుకుంటుంటే అందులోంచి జీఈడీ గైడు బయటపడుతుంది. బడి మధ్యలో ఆగిపోయినవాళ్లు రాసే పరీక్ష అది, మన ఓపెన్ స్కూలు లాంటిది. తర్వాతి సినిమాకి ప్రకటించిన పేరు ‘బ్రాండ్ న్యూ డే’. కామిక్స్‌లో పెళ్లి చెరిపేశాక 2008లో మొదలైన కొత్త అధ్యాయాల పేరూ అదే. పుట్టి అరవయ్యేళ్లు దాటినా సినిమాల్లో ఇంకా బడి గట్టెక్కలేదన్న దిగులు ఆ కుర్రాడికి ఎప్పుడైనా కలిగితే, ట్యూషన్ చెప్పడానికి మిదోరియా సారు సిద్ధంగానే ఉంటారు. ఫీజు దగ్గర పేచీ ఉండదు, ఆయనకి జీతం వస్తోంది.